పరిశుద్ధ సమాధి దేవాలయమునకు పెట్టిన ఊతలు

శతాబ్ది సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి పంపుడని సంపాదక వర్గమువారు కోరినప్పుడు, మన అధ్యక్షఖండపు తొలి మిషనెరీలను గూర్చియు తొలి బాప్తిస్మములను గూర్చియు వ్రాయుటకు మాకంటె పెద్దలు అనేకులు కలరని తలంచి, మేము వేరొక విషయమును ఎన్నుకొంటిమి. అది ఒక దేవాలయపు వాకిలికిని, దాని లోపలి సమాధికిని పెట్టబడిన తాత్కాలికపు ఊతలను గూర్చినది. ఊతకర్రలకు కూడ చరిత్ర యుండునా అని సంఘస్థులు నవ్వవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి.

మేము లోగడ సేవచేసిన ఒక పాస్టరేటులో మిషనెరీల కాలమునాటి గుడి ఒకటి కలదు. ఊరి పేరు చెప్పుట భావ్యము కాదు. ఆ గుడి ముందరి పోర్టికోకు రాతి స్తంభములు, వాటిమీద టేకు దూలములు, దూలములమీద ఇటుకయు సున్నమును వేసి కట్టిన మిద్దె. గోడలోనికి దూరియుండు దూలపు కొనలు ఏండ్ల తరబడి వాననీటికి నాని చివికిపోయి, ఒక వర్షకాలమందు మిద్దె ఒక ప్రక్కకు క్రుంగెను. వెంటనే మేస్త్రీని పిలిపించితిమి. అతడు ఆరు సరుగుడు బాదులు తెప్పించెను. నేల పగులకుండ ఒక్కొక్క బాదు క్రింద దళసరి పలక పరచెను. పైన దూలములకు అడ్డముగా ఒక మ్రాను ఆనించి, బాదులను దానిక్రింద నిలిపి, పలకకును బాదుకును నడుమ రెండేసి చెక్కచీలలను ఎదురెదురుగా పెట్టి చిన్న సుత్తెతో మెల్లమెల్లగా కొట్టెను. గట్టిగా కొట్టరాదా అని మేమడిగితిమి.

“బాదు బరువు మొయ్యాలిగానీ అయ్యగారూ, మిద్దెని పైకి ఎత్తకూడదండి. ఎత్తామంటే ఇంకోచోట పగులుద్ది. మూడు నెలల్లో దూలం మార్చేసి ఇవి తీసేద్దామండి” అనెను.

ఆ మూడు నెలలు నాలుగు సంవత్సరములాయెను. డబ్బు లేక కాదు. ఖర్చంతయు మేమే పెట్టుకొందుమని ఒక కుటుంబమువారు ముందుకు వచ్చిరి. అయితే వాకిలి ప్రక్కన తమ పేరుతో ఒక శిలాఫలకము ఉండవలెననిరి. ఆ పోర్టికోకు మొదట రాయి తోలించినది తమ తాతగారని మరియొక కుటుంబమువారు అడ్డుపడిరి. కమిటీ కూడినప్పుడెల్ల ఈ విషయము వచ్చుట, వాయిదా పడుట. రెండవ సంవత్సరము క్రిస్మసుకు యౌవనస్థులు గుడికి వెల్ల వేయుచు ఆ బాదులకు కూడ వెల్ల వేసి, రంగు కాగితములు చుట్టి, నక్షత్రము వ్రేలాడదీసిరి. అది చూచిన దినమున మాకు గుండె దిగజారెను. ఊతకర్రకు వెల్ల వేసితిమంటే అది ఇక కట్టడములో భాగమై పోయినట్లే గదా.

ఆ రోజులలోనే మా సంఘపు తల్లి యొకరు యెరూషలేము యాత్రకు వెళ్లి వచ్చి, ఫోటోలు మాకు చూపిరి. అందులో ప్రభువు సమాధిమీద కట్టిన చిన్న మందిరము చుట్టును తుప్పురంగు ఇనుప దూలములు పంజరమువలె బిగింపబడియుండెను.

“అయ్యగారూ, మన పోర్టికోకి పెట్టినట్టే అక్కడ ప్రభువు సమాధికీ ఊతలు పెట్టారండి. అక్కడ కూడా తాతగారి రాయి గొడవేనంటారా?” అని ఆ తల్లి నవ్వుచు అడిగిరి.

“అడిగి, చదివి చెప్తానమ్మా” అంటిమి. వేదాంత కళాశాలలో సంఘచరిత్ర చదివి పట్టా పుచ్చుకొన్న వారమే గాని, నికేయ సభను గూర్చి చెప్పగలిగినంత సులువుగా ఆ ఇనుప దూలములను గూర్చి చెప్పలేకపోతిమి. తరువాత చదివి తెలిసికొన్నదే ఈ వ్యాసము.

ఆ దేవాలయమును మొదట కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కట్టించెను. అది క్రీ.శ. 335లో ప్రతిష్ఠింపబడెను. 1009లో ఖలీఫా అల్ హకీము ఆజ్ఞచేత పడగొట్టబడెను. బైజాంటియ చక్రవర్తులు తిరిగి నిలబెట్టిరి. నేడు యాత్రికులు ప్రవేశించు దక్షిణపు ముఖము మాత్రము క్రూసేడరుల కాలమునాటిది. వారి దేవాలయము 1149లో ప్రతిష్ఠింపబడెను. ఆ ముఖమునకు ప్రక్కప్రక్కనే రెండు వాకిండ్లు కలవు. కుడి వాకిలి 12వ శతాబ్దపు చివరనుండి రాతితో మూయబడియున్నది. ఎడమ వాకిలి తాళపుచెవిని ఉంచుకొనుటయు, దానితో తలుపు తెరచుటయు తరతరములుగా రెండు ముస్లిము కుటుంబముల వంతు. క్రైస్తవుల గుడి తలుపు ముస్లిములెందుకు తీయవలెనని ఎవరైన అడిగినయెడల, క్రైస్తవులలో ఎవరి చేతికి తాళమిచ్చినను మిగిలినవారు ఒప్పుకొనరు గనుక అనియే చెప్పవలెను.

ఆ కప్పు క్రింద ఆరు సంఘములవారు ఆరాధించుచున్నారు. వారిలో గ్రీకు ఆర్థడాక్సులు, రోమను కతోలికుల పక్షమున ఫ్రాన్సిస్కన్ సన్యాసులు, ఆర్మీనియనులు ముఖ్యులు. కోప్తులు, సిరియనులు, ఐతియొపీయులు కొద్దిపాటి హక్కులు గలవారు. ఏ స్తంభము ఎవరిది, ఏ మెట్టు ఎవరు ఊడ్వవలెను, ఏ దీపము ఎవరు వెలిగింపవలెను అను తగవులు శతాబ్దముల తరబడి సాగెను. విసిగిపోయిన తురుష్క ప్రభుత్వము 1757లో ఒకమారును, 1852లో మరియొకమారును ఫర్మానాలు ఇచ్చి, ఎవరి వశమందున్నది వారి వశమందే ఉండవలెను, ఇక ఏమియు మారరాదు అని శాసించెను. దీనికే యథాస్థితి, అనగా స్టేటస్ కో అని పేరు. 1878 నాటి బెర్లిను సంధియందు యూరపు రాజ్యములును దీనిని అంగీకరించినవి.

ఈ యథాస్థితిలో ఒక సూత్రము కలదు. మా కథకంతటికి అదియే మూలము. బ్రిటిషు వారి కాలమందు యెరూషలేములో అధికారిగా నుండిన కస్ట్ అనునాయన 1929లో వ్రాసిన నివేదికలో దానిని స్పష్టముగా చెప్పెను: ఒక కప్పునైనను నేలనైనను మరమ్మతు చేయు హక్కు ఎవరికి కలదో, ఆ చోటు వారిదే యని లెక్క. ఒక దీపము వ్రేలాడదీసినను, ఒక పటము తగిలించినను అంతే. కనుక కప్పు కారుచున్నదని ఒకరు నిచ్చెన వేసినయెడల, మిగిలినవారి కంటికి అది మరమ్మతు కాదు, ఆక్రమణ. బాగుచేయగలవాడు బాగుచేయుటకు వీలులేదు. మా పాస్టరేటులో శిలాఫలకమునకు జరిగిన పోరాటము గుర్తుకు వచ్చి, ఇది చదువునప్పుడు మాకు సిగ్గు కలిగెను.

ఈ నియమమును పెట్టినవారిని తేలికగా నిందింపరాదని మా అభిప్రాయము. అది లేనప్పుడు అక్కడ రక్తము చిందినది. అది ఉండియు 2002లో ఆ దేవాలయపు మిద్దెమీద ఒక కోప్తు సన్యాసి ఎండకు తాళలేక తన కుర్చీని నీడలోనికి జరుపుకొన్నందుకు ఐతియొపీయులతో కొట్లాట జరిగి, 11 మంది ఆసుపత్రి పాలైరి. కుర్చీ జరిపితే ఇట్లయినప్పుడు దూలము జరిపితే ఏమగునో ఊహించుకొనవచ్చును. 1868లో సమాధిమీది పెద్ద గుమ్మటమును తిరిగి కట్టవలసి వచ్చినప్పుడు సంఘములకు ఏకీభావము కుదరక, ఫ్రాన్సు, రష్యా, తురుష్క రాజ్యములు మూడును కలిసి కట్టించినవి.

1924 క్రిస్మసు దినమున మన మెదకు మహా దేవాలయము ప్రతిష్ఠింపబడిన సంగతి సంఘస్థులెరుగుదురు. అది జరిగిన మూడవ యేట, 1927 జూలై 11వ తేదీన పాలస్తీనా దేశములో పెద్ద భూకంపము కలిగెను. వందలమంది చనిపోయిరి. పరిశుద్ధ సమాధి దేవాలయములో గ్రీకుల ఆరాధనస్థలముపైని గుమ్మటము ఎంతగా పగిలెననగా, దానిని విప్పి తిరిగి కట్టవలసి వచ్చెను. దక్షిణపు ముఖము, అనగా రెండు వాకిండ్లు గల గోడ, బీటలు వారెను. ద్వారబంధములపై క్రూసేడరులు చెక్కించిన పాలరాతి పలకలు రెండు ఉండెడివి. ఒకదానిమీద లాజరు లేపబడుట, ప్రభువు యెరూషలేము ప్రవేశము, రాత్రి భోజనము మొదలగు దృశ్యములును, రెండవదానిమీద తీగెల అల్లికయు కలవు. భూకంపము తరువాత వాటిని దింపివేసిరి. అవి ఇప్పుడు ఆ పట్టణమందలి రాక్‌ఫెల్లరు మ్యూజియములో నున్నవి. ఇంటి గడపపైని కమ్మి తీసి వేరొక యింటిలో దాచినట్లాయెను.

అప్పుడు ఆ దేశమును ఏలుచున్నది బ్రిటిషు ప్రభుత్వము. విలియం హార్వీ అను వాస్తుశిల్పి కట్టడమంతయు పరిశీలించి, ఏ స్తంభము ఎంత ఒరిగినదో, ఏ కమాను ఎంత విచ్చినదో కొలిచి, గీతలు గీసి, 1935లో తన నివేదికను అచ్చు వేయించెను. మరమ్మతు చేయుమని సంఘములను అడుగగా, ఎవరు చేయవలెనను ప్రశ్నయే మరల వచ్చెను. అందుచేత ప్రభుత్వము తాను చేయగలిగినది తాను చేసెను. లోపల, వెలుపల ఇనుప దూలములతోను మ్రానులతోను ఊతలు పెట్టించెను. దక్షిణపు ముఖమునకు క్రిందినుండి పైవరకు చట్రము నిలిపి గోడను పట్టియుంచెను. ఊత ఎవరిదియు కాదు. దానిని పెట్టినవారు కప్పు మాది అని చెప్పుకొనజాలరు. కనుక ఎవరును అభ్యంతరము చెప్పలేదు. మరమ్మతుకు కుదరని సమ్మతి ఊతకు కుదిరెను. మా మేస్త్రీ చెప్పిన మాట ఇక్కడ అక్షరాల సరిపోవును. అవి బరువు మోసినవి గాని దేనిని పైకి ఎత్తలేదు.

ఇక సమాధిని గూర్చి. పెద్ద గుమ్మటము క్రింద నడుమ నిలిచియున్న చిన్న మందిరమును ఎడిక్యూల్ అందురు. లాటిను భాషలో చిన్న యిల్లు అని అర్థము. 1808లో అగ్ని ప్రమాదము జరుగగా, ఇప్పుడున్న మందిరమును 1810 నాటికి కొమ్నెనోస్ అను గ్రీకు మేస్త్రీ కట్టెను. లోపల పాత రాతి భాగములు, వాటిచుట్టు సున్నపు కట్టుబడి, దానిపై పాలరాతి పలకలు. ఏండ్లు గడచినకొద్దీ తేమ చేరి లోపలి సున్నము చచ్చిపోయెను. వేలాది యాత్రికుల ఊపిరి, కొవ్వొత్తుల వేడిమి దానికి తోడాయెను. పాలరాతి పలకలు బయటికి ఉబ్బసాగెను. పాత మట్టిగోడ కడుపు వచ్చి నిలిచియుండుట మన ఊళ్లలో చూచియున్నాము గదా, అట్లన్నమాట. మూడు సంఘములకు ఏకీభావము కుదరలేదు. 1947 మార్చి నెలలో బ్రిటిషు అధికారులు ఆ మందిరము చుట్టును ఇనుప దూలములు నిలిపి బిగించిరి. మరుసటి సంవత్సరము మే నెలలో వారి పరిపాలన ముగిసి, వారు దేశమే విడిచి వెళ్లిపోయిరి. దూలములు మిగిలిపోయినవి.

1947 అను సంవత్సరము చదువగానే మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. ఆ సంవత్సరమే గదా సెప్టెంబరు 27వ తేదీన మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రలులో మన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. యెరూషలేములో మూడు సంఘములు ఒక గోడను కలిసి బాగుచేసికొనలేక ఇనుము బిగించిన ఆరు నెలలకే, ఇక్కడ ఆంగ్లికనులు, మెథడిస్టులు, అప్పటికే ఐక్యమైయున్న ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంఘములవారు ఒకే బల్లయొద్దకు వచ్చిరి. అయితే గర్వపడుటకు తొందరపడరాదు. 1919లో తరంగంబాడిలో మొదలైన మాటలు ముగియుటకు 28 సంవత్సరములు పట్టెను. అందుకై పాటుపడిన బిషప్ వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు ఆ దినమును చూడకయే 1945 జనవరి 1వ తేదీన ప్రభువునందు నిద్రించిరి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో ఎక్కువమంది 1947లో కలియలేదు. 1975లో గాని వారు మనలో చేరలేదు. మన పెద్దలు కూడ ఒక ఊత పెట్టుకొనిరి. బిషప్పుల చేత అభిషేకము పొందినవారును, పొందనివారును ఒకే సంఘములో గురువులుగా నుండుట ఎట్లు అను చిక్కుముడి తెగక, దానికి 30 సంవత్సరముల గడువు పెట్టి, ఇష్టములేని గురువును ఏ సంఘముమీదను రుద్దబోమని మాట ఇచ్చుకొనిరి. ఆ ఊతకు పెట్టిననాడే తీయవలసిన సంవత్సరము కూడ వ్రాసియుంచిరి. మా పోర్టికో బాదులకు మేము అది వ్రాసియుంచలేదు.

యెరూషలేము సంగతికి తిరిగి వత్తము. 1949లో పెద్ద గుమ్మటమునకు నిప్పంటుకొనెను. ఇక లాభము లేదని మూడు సంఘములవారు 1950ల చివర ఒక ఒప్పందమునకు వచ్చిరి. 1960లలో పనులు సాగి, చివికిన రాళ్లు మార్చబడి, దక్షిణపు ముఖపు చట్రము తీయబడెను. గుమ్మటము లోపలి అలంకారమునకు మాత్రము మరల చాల కాలము పట్టెను. ఏ బొమ్మ వేసినను ఎవరో ఒకరి సంప్రదాయమగును గనుక, చివరకు సూర్యకిరణములవంటి బంగారు గీతలు మాత్రము వేసి 1997 జనవరిలో ముగించిరి. చక్కగానే యున్నదని చూచినవారు చెప్పుదురు. ఇంత జరిగినను చిన్న మందిరపు ఇనుప పంజరము కదలలేదు.

2015 ఫిబ్రవరిలో, కట్టడము ప్రమాదకరముగా నున్నదని ఇశ్రాయేలు పోలీసులు సమాధి మందిరమును కొన్ని గంటలసేపు మూసివేసిరి. ఏండ్ల తరబడి కుదరని మాట ఆ తరువాత కుదిరెను! 2016 మార్చి 22వ తేదీన మూడు సంఘముల పెద్దలు సంతకములు చేసిరి. ఏథెన్సు నగరపు జాతీయ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య ఆంటోనియా మొరొపౌలు గారి ఆధ్వర్యమున ఆ వేసవిలో పని మొదలాయెను. పగలు యాత్రికులు వచ్చుచుండగా, పని ఎక్కువగా రాత్రివేళలనే జరిగెను. ఉబ్బిన పలకలను విప్పి, శుభ్రపరచి, లోపలి బోలు చోట్లలోనికి పలుచని సున్నపు మిశ్రమమును ఎక్కించి, టైటానియము సీలలతో బిగించి, పలకలను తిరిగి వాటి చోట్లనే అమర్చిరి. అక్టోబరు నెలలో సమాధిపైని పాలరాతి పలకను శతాబ్దముల తరువాత జరిపి చూచిరి. దానిక్రింద సిలువ గుర్తు గల మరియొక పలక కనబడెను. దాని సున్నమును పరీక్షింపగా అది 4వ శతాబ్దమునాటిదని తేలెను. ఊతలు తీయుటకు పూనుకొనకపోయినయెడల కాన్‌స్టాంటైన్ నాటి ఆ పలకను చూచు భాగ్యము మన తరమునకు కలుగకపోవును.

2017 మార్చి 22న ఆ మందిరము తిరిగి తెరువబడెను. ఇనుప దూలములు అంతకు ముందే తీసివేయబడినవి. 1947 నుండి 2017 వరకు సరిగా 70 సంవత్సరములు. బబులోను చెర యేండ్ల లెక్కకు సరిపోయినదని ఒక యాదివారము ప్రసంగములో అంటిమి గాని, దాని నుండి ఏ ప్రవచనమును తీయబోము. అప్పుడే నేల క్రింద తేమ, పునాది బలహీనత బయటపడగా, 2019లో మరల ఒప్పందము చేసికొని 2022 మార్చిలో నేలరాళ్లు విప్పనారంభించిరి. రాళ్ల క్రింద త్రవ్విన రోము సాపియెంజా విశ్వవిద్యాలయము వారికి ఒలీవ చెట్ల, ద్రాక్షల ఆనవాళ్లు దొరికినవి. ఆయన సిలువ వేయబడిన స్థలమునొద్ద ఒక తోట యుండెనని యోహాను సువార్తలో చదువుకొన్న మనకు ఇది ప్రీతికరమైన వార్త. దక్షిణపు ముఖముమీద, కుడివైపు కిటికీ క్రింద ఒక చిన్న కొయ్య నిచ్చెన మాత్రము ఉన్నచోటనే యున్నది. 18వ శతాబ్దపు చిత్రములోనే అది కనబడుచున్నది. దానిని తీయు హక్కు ఎవరిదో తేలలేదు.

మా పోర్టికో సంగతి అడుగుదురేమో. ఫోటో చూపిన ఆ తల్లికి మేము చదివినదంతయు చెప్పగా, ఆమె స్త్రీల మైత్రి కూటములో దానిని తనదైన రీతిలో చెప్పిరి. తరువాతి కమిటీకి స్త్రీలు పదునేడుగురు వచ్చి వెనుక బెంచీలలో మాటలాడక కూర్చుండిరి. ఆ రాత్రి తీర్మానము జరిగెను. దూలమునకు ఇరు కుటుంబములవారును చందా ఇయ్యవలెను. ఫలకము వేయరాదు. మేస్త్రీ పదునొకండు దినములలో కొత్త దూలము ఎక్కించి, చీలలను ఒకదాని తరువాత ఒకటి, ఒక్కొక్క దెబ్బ చొప్పున వదులుచేసి, మధ్యాహ్నము భోజనమునకు కూడ పోక మిద్దె వంక చూచుచు కూర్చుండెను. మిద్దె కదలలేదు. బాదులలో నాలుగు స్త్రీల మైత్రివారి వంట పందిరికి పోయినవి. రెండింటిని, వెల్ల ఇంకను వదలనివాటిని, మేస్త్రీ కూలి క్రింద జమకట్టుకొని తీసికొనిపోయెను.